టెస్టులన్నీ పాసై డెమోలో ఆగిపోతే: నమూనా డేటాను తనిఖీ చేయడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం వెబ్ అప్లికేషన్ కడుతున్నారు. రైతులు, లాట్లు (రైతు గోడౌన్‌లో పెట్టిన ఒక్కో సరుకు దఫా), విడుదల చీటీలు (ఆ సరుకును బయటికి వదిలే కాగితాలు) అని మూడు సీఎస్‌వీ ఫైళ్లు (విలువలను కామాలతో విడదీసే టెక్స్ట్ ఫైళ్లు), అన్నీ కలిపి 500 రికార్డులు. వాటిని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించి టెస్టులు నడిపితే అన్నీ పాసయ్యాయి. గోడౌన్ యజమాని వచ్చి తన పుస్తకంలోంచి పది ఎంట్రీలు కొట్టించగానే మూడు చోట్ల ఆగిపోయింది. నమూనా డేటా సరైందో కాదో ముందే ఎలా తేల్చుకోవాలి, ఈ 500 రికార్డులు సరిపోతాయా అని అడిగారు.

ఫార్మాట్ కుదిరితే డేటా సరైనట్టే అనుకోవడం దగ్గరే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. టెస్ట్ డేటాలో ప్రతి రికార్డూ ఏదో ఒక రూలును పరీక్షించడానికి ఉంటుంది. ఆ పనికి అది పనికొస్తేనే సరైన రికార్డు. కావాలని తప్పుగా పెట్టిన రికార్డు కూడా, మనం అనుకున్న తప్పే అందులో ఉంటే, సరైన టెస్ట్ డేటాయే. అందుకని మొదటి పని: ప్రతి ఫైల్‌కూ రెండు కాలమ్‌లు చేర్చండి. ఒకదానిలో ఈ రికార్డు ఏ రూలు కోసం పెట్టారో రూలు నంబరు, రెండోదానిలో ఆశించే ఫలితం: పాస్ కావాలా, ఫెయిల్ కావాలా, ఫెయిలైతే ఏ ఎర్రర్ కోడ్ రావాలి. మీ 500 రికార్డులకు ఈ రెండు కాలమ్‌లు నింపడానికి కూర్చుంటే, ఎందుకు పెట్టామో ఎవరికీ తెలియనివి బోలెడు బయటపడతాయి. వాటిని తీసేయండి.

రూళ్ల జాబితాను కోడ్ చూసి మాత్రం రాయకండి. అప్లికేషన్‌లో ఉన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌నే (విలువ ఏ రూపంలో ఉండాలో చెప్పే ప్యాటర్న్‌నే) తెచ్చి డేటా తనిఖీలోనూ వాడితే, దానిలో ఉన్న పొరపాటు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది, టెస్టు హాయిగా పాసైపోతుంది. రూళ్లు గోడౌన్ గుమాస్తా దగ్గర నుంచి రావాలి. ఆయన్ని అడగాల్సినవి: టిక్కీ (మిర్చి బస్తా) సగటు బరువు ఎంతకు తగ్గితే అనుమానించాలి, ఎంత దాటితే ఒప్పుకోరు? ఒక లాటును ఎన్ని విడతల్లో విడుదల చేయొచ్చు? బ్యాంకు రుణం ఉన్న లాటును వదలాలంటే ఏ కాగితం కావాలి? అన్నదమ్ములిద్దరూ ఒకే ఫోన్ నంబరు ఇస్తారా? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. మొబైల్ నంబరు మీద యూనీక్ రూలు (ఒక నంబరు ఒక్కరికే) పెట్టేసి, నమూనా ఫైల్‌లో ప్రతి రైతుకూ వేరే నంబరు జెనరేట్ చేస్తే ఆ తప్పు జన్మలో బయటపడదు. మీకు ఆగిపోయిన మూడు చోట్లలో ఒకటి ఇలాంటిదే అయి ఉండొచ్చు.

ఇక ఫైల్ దగ్గరికి వద్దాం. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారంటే డేటా అప్పుడే మారిపోయి ఉండొచ్చు. ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా పట్టుకుంటుంది కాబట్టి 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నా అవుతుంది. పొడవైన ఖాతా నంబర్లు ఘాతాంక రూపంలోకి మారతాయి. తేదీల్లో రోజు, నెల తారుమారైనా 12వ తేదీ లోపు వాటిలో ఎవరూ కనిపెట్టలేరు. బైట్ ఆర్డర్ మార్క్ (ఫైల్ మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు) లేని యూటీఎఫ్-8 ఫైల్‌ను (తెలుగు లాంటి లిపులను దాచే పద్ధతిలోని ఫైల్‌ను) నేరుగా తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనబడతాయి, ఆ స్థితిలో సేవ్ చేస్తే అవే గుర్తులు ఫైల్‌లో ఉండిపోతాయి. సొమ్ము కాలమ్‌లో 6,67,800 అని కోట్‌లు లేకుండా రాస్తే అది మూడు కాలమ్‌లుగా చీలి, ఆ వరసలో తర్వాతి విలువలన్నీ రెండు గడులు పక్కకు జరుగుతాయి. చిరునామాల్లో ఉండే కామాలదీ ఇదే కథ. కాబట్టి తనిఖీ స్క్రిప్టు మొదట చూడాల్సింది ప్రతి వరసలో కాలమ్‌ల సంఖ్య సమానంగా ఉందా, ఫైల్ యూటీఎఫ్-8లోనే ఉందా, విలువల ముందూ వెనకా ఖాళీలు ఉన్నాయా అన్నవి. మూల ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లోనే దిద్దండి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టండి. ఎవరు ఏం మార్చారో వరస వరసగా కనబడుతుంది.

తర్వాతది మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కించే మెట్టు. మీ సమస్యలో సగం ఇక్కడే ఉంటుందని నా అంచనా. లోడ్ డేటా లోకల్ కమాండ్‌తో ఎక్కిస్తే అది ఇగ్నోర్ పెట్టినట్టే నడుస్తుంది. డూప్లికేట్ కీ ఉన్న వరసలను చప్పుడు లేకుండా వదిలేస్తుంది, రకం కుదరని విలువలను మార్చేసి వార్నింగ్ మాత్రం ఇస్తుంది. ఎక్కించిన వెంటనే షో వార్నింగ్స్ కమాండ్ నడిపి ఆ వార్నింగ్‌లు చూడాలి. ఫైల్‌లోని వరసల సంఖ్యనూ టేబుల్‌లోని వరసల సంఖ్యనూ పోల్చాలి. రెండోది, వేగం కోసమో క్రమం కుదరకో ఫారిన్ కీ చెక్స్‌ను (ఒక టేబుల్ చెప్పే ఐడీ రెండో టేబుల్‌లో ఉందా అని చూసే తనిఖీని) 0 చేసి డేటా పోసి, తర్వాత 1 చేస్తారు. అలా తిరిగి 1 చేసినప్పుడు అప్పటికే లోపలికి వెళ్లిన వరసలను మైఎస్‌క్యూఎల్ మళ్లీ తనిఖీ చేయదు. లేని రైతు పేరు మీద లాట్లు, లేని లాటు మీద చీటీలు అలాగే ఉండిపోతాయి. మూడోది, 8.0.16కు ముందు వెర్షన్లలో చెక్ కన్‌స్ట్రెయింట్ (గడిలో ఏ విలువలు ఉండొచ్చో చెప్పే షరతు) రాస్తే సర్వర్ దాన్ని చదివి వదిలేస్తుంది, అమలు చేయదు. మీ వెర్షన్ ఏదో చూసుకోండి. టెస్టులను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద నడుపుతుంటే ఇంకా జాగ్రత్త. అక్కడ ఫారిన్ కీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, వర్‌క్యార్ 20 (గరిష్ఠంగా 20 అక్షరాల గడి) అని రాసినా 200 అక్షరాలు పడతాయి. అసలు వాడే డేటాబేస్‌లోనే డేటాను తనిఖీ చేయాలి.

అనాథ వరసలను పట్టడానికి లాట్ల టేబుల్‌ను రైతుల టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి (జత దొరకని లాట్లనూ ఉంచే కలయిక), రైతు ఐడీ నల్‌గా, అంటే ఖాళీగా, వచ్చినవి లెక్కపెట్టండి. చీటీలకూ లాట్లకూ మధ్య అదే క్వెరీ. రెండింటికీ సున్నా రావాలి.

ఒక్కో గడి తనిఖీలో ప్యాటర్న్‌లు రాసేటప్పుడు మూడు గుంటలున్నాయి. పిన్ కోడ్ ఆరంకెలు అని జేసన్ స్కీమాలో (డేటా రూపాన్ని వివరించే ఫైల్‌లో) ప్యాటర్న్ రాసి, మొదట క్యారెట్ (^), చివర డాలర్ గుర్తు ($) పెట్టకపోతే 5220011 కూడా పాసవుతుంది, దానిలో ఆరంకెల ముక్క ఉంది కాబట్టి. ఆ స్కీమాలోని ఫార్మాట్ కీవర్డ్‌ను కూడా నమ్ముకోకండి. చాలా వ్యాలిడేటర్లు విడిగా ఆన్ చేస్తే తప్ప దాన్ని పట్టించుకోవు. ఇక పైథాన్ 3లో ప్యాటర్న్‌లో అంకెలకు వాడే బ్యాక్‌స్లాష్ డీ గుర్తు తెలుగు అంకెలనూ ఒప్పుకుంటుంది. ౫౨౨౦౦౧ అని టైప్ చేస్తే పైథాన్ బ్యాకెండ్ సరే అంటుంది, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ కాదంటుంది. తెలుగు కీబోర్డు వాడే గుమాస్తాలున్న చోట ఇది నిజంగా జరిగేదే. తెలుగు అంకెలతో ఒక రికార్డు తప్పకుండా పెట్టండి, ఫలితం ఏది కావాలో ముందే తేల్చుకోండి.

కోడ్‌ల సంగతి. మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 మధ్య. పాన్‌లో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. నాలుగో అక్షరం వ్యక్తికైతే పీ, కంపెనీకైతే సీ, భాగస్వామ్య సంస్థకైతే ఎఫ్. ఐదో అక్షరం వ్యక్తుల విషయంలో ఇంటిపేరు మొదటి అక్షరం. కానీ మన వైపు ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారాల్లో ఏ గడిలో ఏది పడిందో మనిషి మనిషికీ తేడా. అందుకని ఐదో అక్షరాన్ని పేరుతో పోల్చే రూలును ఎర్రర్‌గా పెట్టకండి, హెచ్చరికగా చాలు. బ్యాంకు శాఖ కోడ్ ఐఎఫ్ఎస్‌సీ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పెట్టిన రికార్డు మీ తప్పుల జాబితాలో ఉండి తీరాలి, ఎందుకంటే గుమాస్తాలు ఎక్కువగా చేసేది ఆ తప్పే.

వ్యాపారుల జీఎస్‌టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. మూడు నుంచి పన్నెండు వరకు ఉన్న పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్‌తో అచ్చుగుద్దినట్టు కలవాలి. చివరిది చెక్ డిజిట్, అంటే మిగతా అక్షరాల నుంచి లెక్కించి పెట్టే తనిఖీ గుర్తు. దాన్ని లెక్కించాలంటే మొదటి 14 అక్షరాలకు విలువలివ్వాలి (అంకెలకు వాటి విలువే, ఏ నుంచి జెడ్ వరకు 10 నుంచి 35). ఎడమ నుంచి వరసగా 1, 2, 1, 2తో గుణించాలి. ఒక్కో లబ్ధాన్ని 36తో భాగించి భాగఫలాన్నీ శేషాన్నీ కలపాలి. అన్నిటి మొత్తాన్ని 36తో భాగించగా వచ్చిన శేషాన్ని 36లోంచి తీసేస్తే మిగిలేది చెక్ డిజిట్ విలువ. శేషం సున్నా అయితే చెక్ డిజిట్ కూడా సున్నాయే. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా నంబర్లను అతికిస్తే రాష్ట్రం కోడ్ 27 లేదా 29 ఉంటుంది. ఫార్మాట్ పాస్, కానీ పక్క కాలమ్‌లో గుంటూరు చిరునామా. ఇలాంటి పొంతన లేనితనం ఒక్కో గడిని విడిగా చూస్తే పట్టుబడదు.

అందుకే నేను ఎక్కువ సమయం పెట్టమనేది కాలమ్‌ల మధ్య పొంతన మీద. ఒక ఉదాహరణ చూడండి: 120 టిక్కీలు, నికర బరువు 5,040 కిలోలు. సగటు 42 కిలోలు, బాగానే ఉంది. జెనరేటర్ ఇచ్చిన మరో వరసలో 120 టిక్కీలు, 504 కిలోలు. రెండు గడులూ ధన సంఖ్యలే, రెండూ పరిమితుల్లోనే ఉన్నాయి, కానీ టిక్కీకి 4.2 కిలోలంటే మిర్చి యార్డులో ఎవరైనా నవ్వుతారు. అలాంటి వరసలతో తీసిన అద్దె రిపోర్టు తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు. కాబట్టి స్థూల బరువులోంచి ఖాళీ సంచుల బరువు తీస్తే నికర బరువు రావాలి, నికర బరువును టిక్కీలతో భాగిస్తే గుమాస్తా చెప్పిన హద్దుల్లో ఉండాలి, క్వింటాళ్లను ధరతో గుణిస్తే విలువ రావాలి. 50.40 క్వింటాళ్లు, క్వింటాలు 13,250 రూపాయలైతే విలువ 6,67,800 రూపాయలు. సొమ్మును పైసల్లో పూర్ణాంకంగా దాచి పోల్చండి, ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) పోలిస్తే అప్పుడప్పుడు ఒక పైసా తేడాతో తప్పుడు ఎర్రర్లు వస్తాయి.

విడుదల చీటీలకు వస్తే, ఒక లాటు మీద ఇచ్చిన చీటీల టిక్కీల మొత్తం ఆ లాటు టిక్కీలను దాటకూడదు. 120 టిక్కీల లాటుకు 40, 50, 30 చీటీలు సరే. 40, 50, 35 అయితే ఏ చీటీకి ఆ చీటీ సరైనదే, మొత్తం మాత్రం 125. ఇది తేదీల వరస ప్రకారం కూడా చూడాలి: చీటీ తేదీ లాటు లోపలికి వచ్చిన తేదీ కంటే ముందు ఉండకూడదు, రుణం ఉన్న లాటుకు బ్యాంకు అనుమతి తేదీ చీటీ తేదీ కంటే ముందు ఉండాలి. యాదృచ్ఛికంగా జెనరేట్ చేసిన తేదీల్లో ఇవి తప్పకుండా చెడతాయి.

జిల్లాలు, పిన్‌ల మధ్య పొంతనలో చాలామంది తప్పు రూలు రాస్తున్నారు. 522తో మొదలైతే గుంటూరు జిల్లా అని పెడితే పొరపాటు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక నరసరావుపేట 522601 పల్నాడు జిల్లాలో, బాపట్ల 522101 బాపట్ల జిల్లాలో, తెనాలి 522201 గుంటూరులో ఉన్నాయి. విజయవాడ 520001 ఎన్‌టీఆర్ జిల్లా, మచిలీపట్నం 521001 కృష్ణా జిల్లా. పిన్‌లు మారలేదు, జిల్లాలు మారాయి. 2021 నాటి రికార్డులో విజయవాడ పక్కన కృష్ణా అని ఉంటే అది తప్పా ఒప్పా? దీన్ని టెస్టర్ తేల్చకూడదు. జిల్లాను రికార్డు నాటిదిగా ఉంచాలా, నేటిదిగా మార్చాలా అన్నది రూల్ జాబితాలో రాసి ఉండాలి. రెండు రకాల వరసలూ నమూనాలో ఉండాలి. లారీ నంబర్లదీ ఇదే దారి: పాత ఏపీ 07, ఏపీ 16, 2019 తర్వాతి ఏపీ 39, తెలంగాణవి టీఎస్, 2024 నుంచి టీజీ, పైగా కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర లారీలు గుంటూరుకు రోజూ వస్తాయి. ఏపీ నంబర్లు మాత్రమే ఉన్న నమూనా గుంటూరు గోడౌన్‌కు చెల్లదు.

తెలుగు పేర్ల తనిఖీని దయచేసి పక్కన పెట్టకండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ (అక్షరానికో, గుణింతపు గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) మూడు బైట్లు. విజయవాడ అన్న మాటలో ఏడు కోడ్‌లు, 21 బైట్లు. మైఎస్‌క్యూఎల్ వర్‌క్యార్ 20 దీన్ని పట్టుకుంటుంది, అది అక్షర కోడ్‌లను లెక్కపెడుతుంది కాబట్టి. అదే డేటా ఒరాకిల్ డేటాబేస్ వైపు వెళ్తే, అక్కడ మామూలు సెట్టింగ్‌లో వర్‌క్యార్2 20 అంటే 20 బైట్లు, విజయవాడ పట్టదు. శ్రీ అన్నది కంటికి ఒక్క అక్షరం, లోపల నాలుగు కోడ్‌లు. పేరు పొడవు హద్దు పరీక్షించే రికార్డును ఇంగ్లిష్ అక్షరాలతో ఒకటి, ఒత్తులు గుణింతాలు నిండిన తెలుగు పేరుతో ఒకటి పెట్టండి. ఐత్వం యూనికోడ్‌లో ఒక కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. కైకలూరు అని రెండు విధాలా ఎక్కించిన రెండు వరసలు పెట్టి వెతకండి. ఒకటే దొరికితే ఇన్‌పుట్ దగ్గర ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండు రూపాలనూ ఒకటిగా మార్చే పద్ధతి) లేదని అర్థం. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న రైతు, మూడు ఇనీషియల్స్ ఉన్న రైతు, తెలుగు ఇంగ్లిష్ కలిపి రాసిన పేరు కూడా ఉండాలి.

ఇప్పుడు కావాలని తప్పుగా పెట్టే రికార్డులు. వీటికి ఒక్కటే కఠినమైన నియమం: ఒక రికార్డులో ఒకే తప్పు. మీ ఫైల్‌లో తప్పు పిన్ పరీక్షించడానికి పెట్టిన వరసలో మొబైల్ గడి కూడా ఖాళీగా ఉందనుకోండి. అప్లికేషన్ మొబైల్ దగ్గరే ఆపేస్తుంది. టెస్టు తిరస్కరణ వచ్చిందని చూసి పాస్ అంటుంది. పిన్ తనిఖీ కోడ్‌ను పూర్తిగా తీసేసినా ఆ టెస్టు పాసవుతూనే ఉంటుంది. దీన్ని స్క్రిప్టుతోనే పట్టుకోవచ్చు. ప్రతి తప్పు రికార్డునూ అన్ని రూళ్ల గుండా నడిపి, ఎన్ని రూళ్లు ఉల్లంఘించిందో లెక్కపెట్టండి. సరిగ్గా ఒకటి రావాలి, అదీ రూలు నంబరు కాలమ్‌లో రాసిన రూలే కావాలి. సున్నా వస్తే ఆ రికార్డు తప్పే కాదు, రెండు వస్తే పనికిరాదు. తేలిక దారి ఏమిటంటే, ఒక సరైన రికార్డును మూలంగా పెట్టుకుని, ఒక్కో గడిని మాత్రం మారుస్తూ తప్పు రికార్డులను పుట్టించడం. టెస్టులో కూడా ఏదో ఎర్రర్ వచ్చిందని సరిపెట్టుకోకుండా ఎర్రర్ కోడ్, గడి పేరు, టేబుల్‌లో వరసల సంఖ్య పెరగలేదన్నది మూడూ చూడండి.

హద్దుల దగ్గర రికార్డులు చేత్తో రాయాలి, జెనరేటర్ మీద వదలకూడదు. సగటు బరువు 38 నుంచి 48 అని రూలు ఉంటే 37.99, 38, 48, 48.01 నాలుగూ కావాలి. ఫేకర్ లాంటి నకిలీ డేటా జెనరేటర్లు మధ్య విలువలే ఎక్కువగా ఇస్తాయి. వాటిని వాడినప్పుడు సీడ్ నంబరు (యాదృచ్ఛిక విలువలకు మొదలు సంఖ్య) స్థిరంగా పెట్టండి, లేకపోతే నిన్న ఫెయిలైన టెస్టును ఇవాళ మళ్లీ చూడలేరు.

తేదీల్లో మూడు చూడండి. 2024 ఫిబ్రవరి 29 ఒప్పు, 2023 ఫిబ్రవరి 29 తప్పు. సీజన్‌లో లారీలు రాత్రిపూట కూడా దిగుతాయి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు తీసిన రసీదు, సర్వర్ యూటీసీలో ఉంటే మార్చి 31 రాత్రి 8:30గా పడుతుంది, అంటే పాత ఆర్థిక సంవత్సరం రసీదు సిరీస్‌లోకి వెళ్తుంది. ఈ ఒక్క రికార్డు ఉంటే చాలా గొడవలు ముందే బయటపడతాయి. మూడోది, రేపటి తేదీ అని అనుకుని ఫైల్‌లో గట్టిగా రాసిన తేదీ కొన్నాళ్లకు గతమైపోతుంది, అప్పుడు డేటా తనంతట తానే చెడిపోయినట్టే. టెస్టులో గడియారాన్ని ఒక తేదీ దగ్గర ఆపండి, లేదా తేదీలను నేటి నుంచి ఇన్ని రోజులు అని రాయండి.

తనిఖీ స్క్రిప్టు రాశాక దాన్నీ పరీక్షించాలి. మంచి ఫైల్ కాపీ తీసుకుని ఒక్కో తప్పు చొప్పిస్తూ నడపండి: ఒక కామా ఎక్కువ, ఒక రైతు ఐడీ లేదు, చెక్ డిజిట్‌లో ఒక అంకె మార్పు, పక్కపక్క అంకెల తారుమారు, చీటీల మొత్తం ఒకటి ఎక్కువ. కార్డు నంబర్ల చెక్ డిజిట్‌కు వాడే లూన్ పద్ధతి 09, 90 తారుమారును పట్టదు, ఆధార్‌కు వాడే వెర్‌హాఫ్ పట్టుకుంటుంది. ఈ తేడా తెలియకపోతే స్క్రిప్టు తప్పనుకుని దిద్దబోతారు. పట్టుబడాల్సినదేదైనా స్క్రిప్టు వదిలేస్తే రూలు లేనట్టే. తర్వాత దాన్ని బిల్డ్‌లో టెస్టుల కంటే ముందు మెట్టుగా పెట్టండి. డేటా తప్పైతే టెస్టులు అసలు మొదలు కాకూడదు.

అసలు రైతుల లెడ్జర్ కాపీ చేసి వాడొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాకు తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అంతకంటే ముఖ్యం, అవి ఆ మనుషుల వివరాలు. చెక్ డిజిట్ సరిపోయేలా జెనరేట్ చేసిన ఆధార్ నంబరు ఎవరో ఒకరిది కావచ్చు. అందుకని ఆ గడి టెస్ట్ సర్వర్ దాటి బయటికి వెళ్లకూడదు, వెరిఫికేషన్ సర్వీస్ బదులు డమ్మీ జవాబు ఇచ్చే స్టబ్ పెట్టండి. మెయిల్‌కు ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడండి, అది ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ పత్రం ప్రకారం ఇందుకే కేటాయించి ఉంది. ఎస్ఎంఎస్ గేట్‌వేలో మీ టీమ్ నంబర్లకు తప్ప దేనికీ సందేశం వెళ్లకుండా ఆపండి. పేర్లు మార్చి మాస్క్ చేసిన డేటా ఇస్తామని యజమాని అంటే తీసుకోవచ్చు, కానీ మాస్కింగ్‌లో చెక్ డిజిట్‌లు, ఫైళ్ల మధ్య ఐడీలు చెడిపోవడం మామూలే. మొత్తం తనిఖీ మళ్లీ నడపాలి.

500 రికార్డులు సరిపోతాయా అని కూడా అడిగారు. రూళ్లు రాసుకున్నాక ఒక్కో రూలుకు సరైనది ఒకటి, హద్దుల దగ్గరివి, తప్పుది ఒకటి అని లెక్క వేస్తే మీ మూడు ఫైళ్లకు చేత్తో రాసిన 100 నుంచి 150 రికార్డులు సరిపోతాయి. లోడ్ టెస్టుకు (ఎక్కువ డేటాతో వేగం చూసే పరీక్షకు) వేరే ఫైల్ పెట్టుకోండి, దానిలో రికార్డులు సమానంగా పంచొద్దు. నిజమైన గోడౌన్‌లో కొద్దిమంది పెద్ద రైతులకూ వ్యాపారులకూ వందల లాట్లుంటాయి, చాలామందికి ఒకటో రెండో. ప్రతి రైతుకూ ఐదేసి లాట్లు ఇచ్చిన ఫైల్‌లో స్లో క్వెరీ ఎప్పటికీ కనబడదు. ఈ వారం మొదలుపెట్టాలంటే ముందు వరసల సంఖ్య పోలిక, ఆ రెండు లెఫ్ట్ జాయిన్ క్వెరీలు, చీటీల మొత్తం క్వెరీ నడపండి. ఒక పూట పని. వచ్చిన సంఖ్యలు ఇక్కడ పెడితే తర్వాత ఏ రూలు మీద కూర్చోవాలో చూద్దాం.